లో వోల్టేజీలో కారు ఛార్జింగ్: మీటరెక్కేదెంత, బ్యాటరీకి చేరేదెంత

రొయ్యల చెరువుల నడుమ ఉన్న ఊళ్ల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది: "రాత్రి చెరువుల్లో ఏరియేటర్లు (నీళ్లకు గాలి పట్టించే మోటార్లు) వేశాక వోల్టేజీ 180కి పడిపోతుంది. అప్పుడు కారు ఛార్జింగ్ పెడితే మీటరు ఎక్కువ తిరుగుతుందట, నిజమేనా?"

మీటరు తప్పేమీ లేదు. వోల్టేజీని, కరెంటును రెండింటినీ ఎడతెగకుండా కొలిచి గుణించుకుంటూ పోవడమే దాని పని. 180 దగ్గరైనా 240 దగ్గరైనా యూనిట్ అంటే యూనిట్టే. అయినా ఆ అనుమానంలో పిసరంత నిజం ఉంది. అదెంతో తేలాలంటే కొలవాలి. అందుకు ఇంట్లో ఉన్న మీటరు చాలు.

మీటరు ముఖాన ఒక చిన్న ఎర్రదీపం మిణుకుతుంటుంది. పక్కనే 3200 అనో 1600 అనో అచ్చు వేసి ఉంటుంది. యూనిట్‌కి అన్నిసార్లు వెలుగుతుందని దానర్థం. 3200 మీటరైతే 100 మెరుపులకు పట్టిన సెకన్లతో 1,12,500ని భాగించండి, వాట్లు వచ్చేస్తాయి. 1600 మీటరైతే 2,25,000ని భాగించాలి. 3200 మీటరులో 100 మెరుపులు 34 సెకన్లలో అయిపోతే ఇల్లు, కారు కలిపి సుమారు 3,300 వాట్లు లాగుతున్నట్టు. సెకనుకు మూడేసి మెరుపులు కంటితో లెక్కపెట్టడం కష్టం, ఫోనులో వీడియో తీసి నిదానంగా చూసుకోండి. తర్వాత కారు ప్లగ్ తీసి మళ్లీ కొలిస్తే మిగతా ఇంటి వాడకం తెలుస్తుంది, తీసివేస్తే కారుది. మధ్యలో ఫ్రిజ్ కంప్రెసర్ అందుకుంటే లెక్క చెడుతుంది. అంతకంటే పెద్ద తంటా ఇన్వర్టర్‌తో: కరెంటు పోయి వచ్చాక గంటల తరబడి తన బ్యాటరీ నింపుకుంటూనే ఉంటుంది. కొలిచేంతసేపు రెండూ ఆపేయండి.

క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే పనిముట్టు) ఉన్నవాళ్లు దాన్ని ఫేజ్ వైరు ఒక్కదాని చుట్టూ పెట్టాలి. కేబుల్ మొత్తం చుట్టూ పెడితే వెళ్లే కరెంటు, తిరిగొచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. బడిలో వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు అని చెప్పి వదిలేస్తారు, పవర్ ఫ్యాక్టర్ ఊసెత్తరు. ఆ గుణకారంలో వచ్చినదాంట్లో నిజంగా వాట్లయ్యే వంతే అది. కారు లోపలి ఛార్జర్‌కి అది దాదాపు 1 కాబట్టి ఆ లెక్కతో గడిచిపోతుంది. చవక రకం ఈ-ఆటో ఛార్జర్లకు బాగా తక్కువ. అక్కడ ఈ గుణకారం ఉన్నదానికంటే ఎక్కువ వాట్లు చూపిస్తుంది.

ఇక అసలు సంగతి. కారు తెరమీద కనిపించేది బ్యాటరీలోకి చేరిన లెక్క, మీటరు చూపేది ఇంటి గడపలోకి వచ్చిన లెక్క. తూము దగ్గర వదిలిన నీరంతా చేలోకి రాదని డెల్టా రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. సన్నధార వదిలితే బోదె (చేలోకి నీరు తెచ్చే పిల్లకాలువ) తడవడానికే సగం సరిపోతుంది. నిండుగా వదిలితే అదే బోదె తాగే నీరు మొత్తంలో కొంచెమే అవుతుంది. ఛార్జింగ్‌లో ఆ బోదె తాగుడు ఏమిటంటే: కారులోని కంప్యూటర్లు, కూలింగ్ పంపు, 12 వోల్టుల చిన్న బ్యాటరీకి పోయే కరెంటు. ఛార్జింగ్ జోరుగా సాగినా మెల్లగా సాగినా ఇది ఇంచుమించు అంతే ఉంటుంది. లెక్కకోసం 250 వాట్లు అనుకుందాం. మిగిలినదాన్ని డీసీగా మార్చడంలో ఇంకో 7 శాతం పోతుందనుకుందాం.

30 యూనిట్ల బ్యాటరీని 20 శాతం నుంచి 80కి తెస్తే లోపలికి చేరాల్సింది 18 యూనిట్లు. 230 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లు లాగితే 3,450 వాట్లు. పని 6 గంటల్లో అవుతుంది, మీటరెక్కేది 20.9 యూనిట్లు. 180 వోల్టులకు పడితే అవే 15 ఆంపియర్లకు 2,700 వాట్లే వస్తాయి, దాదాపు 8 గంటలు పడుతుంది, ఆ 250 వాట్లూ అంతసేపూ పోతూనే ఉంటాయి: 21.3 యూనిట్లు. అంటే లో వోల్టేజీ చేసిన నష్టం అర యూనిట్ లోపే. ఇంతోటి దానికి స్టెబిలైజర్ కొనడం శుద్ధ దండగ. 180 నుంచి 230కి లేపడానికి అది లైను నుంచి 19 ఆంపియర్లకు పైగా లాగుతుంది; 16 ఆంపియర్ల సాకెట్ కాలిపోవడానికి అదే దారి.

నిజమైన దుబారా వేరేచోట ఉంది. ప్లగ్ వేడెక్కుతోందని ఛార్జర్‌ని 6 ఆంపియర్లకు తగ్గించి పెట్టేవాళ్లున్నారు. అప్పుడు 230 వోల్టుల దగ్గర వచ్చేది 1,380 వాట్లే. అదే 18 యూనిట్లకు 17 గంటలు పడుతుంది, మీటరు మీద 23.6 పడతాయి. అందులో పైఖర్చుకే 4 యూనిట్లకు పైన పోయాయి.

శాతాలతో కొలిచేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. తెర ఒక శాతం అటూ ఇటూ చూపినా 60 శాతం ఎక్కించినప్పుడు పెద్ద తేడా రాదు. 5 శాతం ఎక్కించి లెక్కలు తీస్తే మాత్రం అంతా తారుమారు. ఇంకా తేలిక పద్ధతి ఉంది. 100 శాతం నింపి బయల్దేరండి, తిరిగొచ్చాక మళ్లీ 100 నింపి, ఆ రెండోసారి ఎక్కిన యూనిట్లను తిరిగిన కిలోమీటర్లతో భాగించండి. 120 కిలోమీటర్లకు 18.6 యూనిట్లు ఎక్కితే కిలోమీటరుకు 0.155. మీటరు తెరమీద వరసగా మారే అంకెల్లో కేడబ్ల్యూహెచ్ (అంటే యూనిట్లు) ఉన్నదే రాసుకోవాలి, కేవీఏహెచ్ (పవర్ ఫ్యాక్టర్ కలపని లెక్క) కాదు. ఖర్చు కట్టేటప్పుడు సగటు రేటు వేసుకోవద్దు. మన డిస్కం స్లాబుల్లో కారు యూనిట్లు ఇంటి వాడకం మీద పైన చేరతాయి కాబట్టి వాటికి పై స్లాబు రేటే పడుతుంది.

వేడెక్కే ప్లగ్‌కి మందు ఆంపియర్లు తగ్గించడం కాదు. వదులైన బిగింపు దగ్గర 0.1 ఓమ్ నిరోధం ఉన్నా 15 ఆంపియర్లకు 22 వాట్లు ఆ ఒక్క చుక్కలోనే పుడతాయి. ప్లాస్టిక్ కరగడానికి అది చాలు. బోర్డు నుంచి విడిగా వైరు లాగించుకోండి. 20 మీటర్ల దూరానికి 1.5 చదరపు మి.మీ. రాగి వైరులో రానూపోనూ 109 వాట్లు పోతాయి, 4 చదరపు మి.మీ. వైరులో 41. ఇవి మీటరు దాటాక పోయేవి, బిల్లు మనదే. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి సాకెట్ లోపలి ఇత్తడి పచ్చబడుతుంది. నీలం రంగు మూత ఉన్న ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించడం మేలు. అక్కడి ఉప్పునేలలో ఎర్తింగ్ బాగా అందుతుంది గానీ జీఐ (జింకు పూత ఇనుప) పైపును తుప్పు త్వరగా తినేస్తుంది. ఎర్త్ తెగితే ఛార్జర్ ఎర్రదీపం చూపి మొరాయిస్తుంది. అప్పుడు న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకు కలిపి దాన్ని మాయ చేసే ఎలక్ట్రీషియన్లున్నారు. పొరపాటున న్యూట్రల్ తెగిందా, కారు బాడీకే 230 వోల్టులు వస్తాయి. ఆ పని చేయనివ్వకండి. రాగిపూత రాడ్డు వేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి.