గీతలున్న బంగారు నాణెం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్నది అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పబోతుంటే మీకు స్కూలు బస్సు వచ్చేసింది. పైగా అది రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ప్రశ్న మళ్ళీ గుర్తుచేస్తాను. నాన్నతో కలిసి నాణేల షోకి వెళ్ళారు. అక్కడ ఒకే బల్ల మీద 1803 నాటి అయిదు డాలర్ల బంగారు నాణేలు రెండున్నాయి. రెండిటి ప్లాస్టిక్ డబ్బాల మీదా, నాణెం స్థితిని బట్టి నిపుణులు వేసే మార్కు, 58 అనే అంకే ఉంది. ఒకటి తళతళలాడుతోంది. రెండోది ఎర్రటి బంగారు రంగులో కాస్త డల్‌గా ఉంది, గద్ద రొమ్ము మీద సన్నటి గీతలు కూడా ఉన్నాయి. చిన్నది మెరిసేదే బాగుందంది. నాన్న ఫ్రెండ్ మాత్రం గీతలున్నదే కొనుక్కున్నారు. "గీతలు పడ్డదాన్ని ఎవరైనా కొంటారా తాతయ్యా?" అని కదా నీ అనుమానం!

కొంటారమ్మా. నేనైనా అదే కొందును. ఎందుకో చెబుతాను.

అమ్మమ్మ పంపిన సంక్రాంతి అరిసెలు అందాయి కదా? డబ్బా ఖాళీ కాకముందే ఒక పని చేయండి. నాలుగు అరిసెలు తీసి పళ్ళెంలో పక్కపక్కన పెట్టి చూడండి. ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకటి ముదురు రంగు, ఒకటి లేత రంగు. ఒకదాని మీద నువ్వులు అన్నివైపులా పరుచుకుంటే, ఇంకోదానికి ఒక్క పక్కనే అంటుకున్నాయి. ఒకదాని అంచు పల్చగా ఉండి నడుమ మందంగా మిగిలింది. అమ్మమ్మ ఉండ చేసేటప్పుడు పెద్దదైతే కాస్త గిల్లి తీసేస్తుంది. ఆ గిల్లిన చోటు అద్దేటప్పుడు పూర్తిగా కలవకపోతే, వేగాక కూడా ఆనవాలు మిగులుతుంది.

మీ ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఫిలడెల్ఫియాలో ఆ కాలంలో బంగారు నాణేలు ఇలాగే చేశారు. నాణేల చట్టం 1792లోనే వచ్చినా, బంగారం ముట్టుకోవాలంటే టంకశాల అధికారులు ఒక్కొక్కరు పదివేల డాలర్లకు పూచీకత్తు ఇవ్వాలన్నారు. అంత పూచీ వాళ్ళెక్కడ తెస్తారు? ఆ మొత్తం తగ్గించాకే పని కదిలింది. మొదటి బంగారు నాణేలు 1795లో బయటికొచ్చాయి. పది డాలర్లది ఈగిల్, అయిదుది హాఫ్ ఈగిల్, మరుసటి ఏడు వచ్చిన రెండున్నర డాలర్లది క్వార్టర్ ఈగిల్.

మీ 1803 నాణెం మీద "5" అని ఎక్కడైనా ఉందా? ఉండదు. దాని బరువే దాని విలువ. 8.75 గ్రాములు, అంటే మన కాసు కంటే కొంచెం ఎక్కువ, మన నగల్లో వాడే 22 క్యారట్ల బంగారమే. అందుకని అచ్చు కొట్టకముందే ప్రతి బిళ్ళనీ తూచేవారు. తక్కువ తూగితే మళ్ళీ కరిగించడమే. ఎక్కువ తూగితే ఆకురాయితో రాసి ఆ కాస్తా తీసేసేవారు. అమ్మమ్మ ఉండని గిల్లినట్టే! ఆ తరువాత మర ప్రెస్సులో పెట్టి, మనుషులు చేతులతో తిప్పి ముద్ర కొట్టేవారు. దెబ్బ గట్టిగా పడితే ఆకురాయి గీతలు ముద్రలో కలిసిపోయేవి. లేకపోతే అక్కడక్కడా మిగిలిపోయేవి. గద్ద రొమ్ము మీద నువ్వు చూసినవి అవే. నడిమి భాగంలో లోహం అచ్చు లోపలికంటా చేరదు. మందంగా మిగిలిన అరిసె నడుమ గుర్తుందిగా, అదే సంగతి.

ఆకురాయి అంటే నాకు మా ఊళ్ళో ఆచారిగారి అరుగే గుర్తొస్తుంది. బడి వదలగానే అక్కడ చేరేవాణ్ణి. ఆయన ఒళ్ళో ఒక తోలుముక్క పరుచుకునేవారు, రాలిన పొడి వృథా కాకుండా. ఆకురాయి ఎప్పుడూ ఒకే వైపుకి నడిపేవారు. గీతలన్నీ ఒకదాని పక్కన ఒకటి తిన్నగా, దువ్వెనతో దువ్వినంత వరసగా పడేవి. తరాజులో గురిగింజలు వేసి తూచి, ఇంకో రెండు సార్లు రాసి, మళ్ళీ తూచేవారు. మాట్లాడేవారు కాదు. మా నాయనమ్మ కాసులపేరుకి కొత్తగా ఇంకొన్ని కాసులు చేర్చాల్సి వచ్చినప్పుడు ఆ పనంతా పక్కన కూర్చుని చూశాను. ఒక్కో కాసుకీ పైన చిన్న కొక్కెం పెట్టి, ఊదుగొట్టంతో మంట ఊది అతికేవారు. కొక్కెం అతికిన చోట అంచు కొద్దిగా కరిగి నున్నగా అయిపోయేది. పని చేసే మనిషి పక్కన కూర్చుని చూస్తే వచ్చే జ్ఞానం వేరు పిల్లలూ. వీడియోలో చూసింది అంత గట్టిగా నిలవదు.

ఆ కొక్కేల సంగతి మీకూ పనికొస్తుంది. అమెరికాలోనూ చాలామంది ఈ నాణేలను మెళ్ళో వేసుకున్నారు, గొలుసులకు తగిలించుకున్నారు. తరువాత కొక్కెం తీసేసి, ఆ చోటు చదును చేసి, ఏమీ జరగనట్టు అమ్మేశారు. అందుకే నాణెం చేతికి రాగానే ముందు పై అంచు చూడాలి. నాణెం అంచు చుట్టూ ఉండే సన్నటి పళ్ళు అక్కడ తేడాగా ఉన్నా, బంగారం మరీ నున్నగా ఉన్నా కింద పెట్టేయడమే.

ఇక గీతల్లో మంచివీ చెడ్డవీ ఎలా తెలుస్తాయంటారా? భూతద్దం పెట్టి, గీత ఒక అక్షరం దగ్గరికో నక్షత్రం దగ్గరికో వెళ్ళేదాకా వెంబడి వెళ్ళండి. టంకశాలలో పడ్డ గీతైతే ముద్రకంటే ముందుది. అక్షరం దాని మీద కూర్చుంటుంది, గీత అంచులు కూడా ముద్ర దెబ్బకి అణిగి ఉంటాయి. తరువాత ఎవరో గీకినదైతే అక్షరం నెత్తిన కోసుకుంటూ పోతుంది, దాని అంచున లోహం లేచి ఉంటుంది. మొదటిది ఉండని గిల్లిన గుర్తు. రెండోది పళ్ళెంలో ఉన్న అరిసెను తమ్ముడు గోటితో పొడిచిన గుర్తు.

మెరుపు సంగతి చెప్పాలి. మీ అమ్మమ్మ నగలు కుంకుడుకాయ రసంలో నానేసి, మెత్తటి బ్రష్‌తో తోముతుంది. నగలకి అది మంచిదే. పాత నాణేనికి మాత్రం అంతకంటే అపకారం లేదు. రెండు వందల ఏళ్ళలో ఆ బంగారంలోని రాగి మెల్లగా రంగు తిరిగి ఒక ఎర్రటి వన్నె వస్తుంది. దాన్ని కడిగేస్తే మళ్ళీ రాదు. తోమితే వెంట్రుకల్లాంటి గీతలు అన్ని దిక్కులా పడతాయి. దీపం కింద నాణేన్ని మెల్లగా తిప్పండి. ముట్టని నాణెం మీద వెలుగు గుండ్రంగా తిరుగుతూ పోతుంది. తోమినదాని మీద మెరుపు కదలకుండా ఒకేచోట ఉంటుంది. నిన్నటి అరిసెని మళ్ళీ నూనెలో వేస్తే పైకి నిగనిగలాడుతుంది, కొరికితే తెలుస్తుంది!

మరి రెండిటికీ 58 ఎలా ఇచ్చారు? ఆ అంకె 1 నుంచి 70 దాకా ఉంటుంది. నాణెం ఎంత అరిగిందీ, ఎంత చెక్కుచెదరకుండా ఉందీ అనేదే ముఖ్యంగా చెబుతుంది. 58 అంటే అరుగుదల పేరుకి మాత్రమే. ఏది చూడముచ్చటగా ఉందో కళ్ళే చెప్పాలి. డబ్బా మీది కాగితం చదివి కొనేవాళ్ళంటే నాకు జాలి.

నాన్న ఫ్రెండ్ చేస్తున్నది టైప్ కలెక్షన్ అన్నారు కదా. అంటే ఒక్కో డిజైన్‌కి ఒక్కటే నాణెం. 1795 నుంచి 1834 దాకా వచ్చిన ఈ బంగారంలో పెద్ద డిజైన్లు లెక్కపెడితే పన్నెండు. ఏ ఏడాదిదైనా ఆ డిజైన్ ఉంటే చాలు. కాబట్టి అరుదైన ఏడాది వెంట పడకుండా, కాస్త ఎక్కువ దొరికే ఏడాదిది తీసుకుని, మిగిలిన డబ్బు అందానికి పెట్టాలి. పది డాలర్లదైతే 1799, 1801. అయిదుదైతే 1806, 1807. కొన్నిట్లో ఆ వీలు లేదు. నక్షత్రాలు లేని 1796 క్వార్టర్ ఈగిల్ కొట్టిందే 963. 1808 క్వార్టర్ ఈగిల్ ఆ ఒక్క ఏడే, 2,710. అలాంటివి దొరికినప్పుడు పెద్దగా వంక పెట్టకూడదు.

ఇంత తక్కువ ఎందుకు మిగిలాయంటే, అమెరికా చట్టం ఒక తులం బంగారానికి పదిహేను తులాల వెండి అంది. యూరప్‌లో పదిహేనున్నర దాకా పలికేది. ఇంకేముంది, నాణేలు ఓడలెక్కి పోయి కరిగిపోయాయి. 1834లో బరువు తగ్గించేదాకా ఇదే తంతు. 1822లో అయిదు డాలర్లవి 17,796 కొట్టినట్టు లెక్కల్లో ఉంది. ఆ తేదీతో ఇప్పుడున్నవి మూడంటే మూడే! అందులో ఒకటి 2021లో 84 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. పదిహేడు వేలు కరిగించిన కుంపట్లలోంచి ఆ మూడూ ఎలా తప్పించుకున్నాయో తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. దీనికి నా దగ్గర వివరణ లేదు.

మిగతా రెండూ వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి దగ్గరున్నాయి. వేసవి సెలవుల్లో నాన్నని అక్కడి అమెరికా చరిత్ర మ్యూజియానికి తీసుకెళ్ళమనండి. నాణేల గదిలో తొందరపడకుండా ఒక్కోదాని ముందూ నిలబడండి. ఈలోగా నాన్న ఫ్రెండ్ ఇంటికెళితే ఆ 1803 నాణెం అడిగి చూడండి. తేదీలో చివరి 3 మీద భూతద్దం పెట్టండి. దాని కింద ఇంకో అంకె తొంగిచూస్తూ ఉంటుంది. పాత ఉక్కు అచ్చు పారేయకుండా దిద్ది వాడుకున్నారు. అది ఏ అంకో నేను చెప్పను. చూసి, బొమ్మ గీసి నాకు పంపండి.

మీ
తాతయ్య