పాత చొక్కా గుడ్డతో బొంత: అపోహలు, వాస్తవాలు

ముక్క ముక్కా చూసి ఎంచి కుట్టిన బొంతకూ, దొరికింది దొరికినట్టు అతికిన బొంతకూ తేడా మొదటి ఉతుకులోనే బయటపడుతుంది. మిగతా బట్టల కంటే పాత చొక్కా గుడ్డతో ఈ ఇబ్బంది ఎక్కువ. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, లోపల నూలు వేరు, రంగు వేరు, వయసు వేరు. బెజవాడ, గుంటూరు ఇళ్ళలో బొంత కుట్టేవాళ్ళ నోట తరచూ వినిపించే మాటల్లో ఏది నిజమో, ఏది కాదో ఇక్కడ చెబుతున్నాం.

అపోహ: చొక్కా అయితే చాలు, ఏదైనా బొంతకు పనికొస్తుంది.

పనికిరాదు. ముందు అది నూలు గుడ్డో టెరికాటనో తేల్చుకోవాలి. అంచు నుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోతుంది. పాలిస్టర్ కలిస్తే పోగు ముడుచుకుని కరుగుతుంది, చల్లారాక చివర గట్టి పూస మిగులుతుంది. మన టెరికాటన్‌లో చాలావరకు 67 పాళ్ళు పాలిస్టర్, 33 పాళ్ళు నూలు. మామూలు వాతావరణంలో నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమ పట్టి ఉంచుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. మే నెలలో బెజవాడ డాబా మీద టెరికాటన్ బొంత పరుచుకుని పడుకుంటే వీపంతా చెమటతో అంటుకుపోయేది ఇందుకే. పైగా నూలు ముక్క ఉతికినప్పుడు కుంచించుకుంటుంది, పక్కనున్న టెరికాటన్ ముక్క కదలదు, కుట్టు దగ్గర బొంత ఉబ్బుతుంది. టెరికాటన్ చొక్కాలను స్టీలు గిన్నెలవాళ్ళకు ఇచ్చేయడమే మంచిది.

అపోహ: ఎంత మెత్తబడితే బొంతకు అంత మంచిది.

మెత్తదనం వేరు, చివికిపోవడం వేరు. చేతికి రెండూ ఒకేలా తగులుతాయి కాబట్టి చూసి తేల్చుకోవాలి. ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకోండి, పోగుల మధ్య పలచబడిన చోట్లు జల్లెడలా కనిపిస్తాయి. తర్వాత రెండు బొటనవేళ్ళూ దగ్గరగా పెట్టి, పడుగు (నిలువు పోగుల) వైపు ఒకసారి, పేక (అడ్డ పోగుల) వైపు ఒకసారి గట్టిగా లాగండి. "టప్" మని చిన్న చప్పుడు వచ్చినా ఆ ముక్క పక్కన పెట్టాల్సిందే. కాలర్ మడత, చంకలు, మోచేతులు దాదాపు ఎప్పుడూ పోయే ఉంటాయి. వీపు భాగమే అన్నిటికంటే బాగా నిలుస్తుంది.

నల్ల గుడ్డతో ఇంకా జాగ్రత్త. సల్ఫర్ బ్లాక్ రంగు వేసిన పాత నూలు గుడ్డ బీరువాలో ఉంటూనే బలం కోల్పోతుంది. రంగులో మిగిలిన గంధకం వేడికీ తేమకీ మెల్లగా ఆమ్లంగా మారి నూలును తినేస్తుంది. ఒక్కసారి కూడా తొడగని చొక్కా లాగగానే చిరిగితే చాలావరకు కారణం ఇదే. ఉతికితే బలం తిరిగి రాదు.

అపోహ: తాను గుడ్డ పాతదే అయినా వాడలేదు కదా, ఉతక్కుండా కుట్టేయొచ్చు.

ఎక్కువ బొంతలు పాడయ్యేది ఇక్కడే. మగ్గం మీద పడుగు బిగుతుగా లాగి ఉంటుంది. మొదటిసారి నీళ్ళు తగలగానే ఆ బిగుతు వదిలి గుడ్డ పొడవు తగ్గుతుంది. గజానికి ఒకటి రెండు అంగుళాలు తగ్గడం మామూలే, చేనేత గుడ్డైతే ఇంకా ఎక్కువ తగ్గొచ్చు. పాత మిల్లు గుడ్డ అంచు మీద "శాన్‌ఫరైజ్డ్" అనే ముద్ర ఉంటే కొంత ధీమా. 1930లో శాన్‌ఫర్డ్ క్లూయెట్ పేరుతో వచ్చిన పద్ధతి అది, గుడ్డను మిల్లులోనే ముందుగా కుదించి పంపేవారు. అయినా గంజి పోవడానికి ఉతకాల్సిందే. గంజి ఉన్న గుడ్డకు సిల్వర్ ఫిష్ పురుగు పడుతుంది.

బెజవాడ వస్త్రలత బట్టల మార్కెట్లో కొన్న కట్‌పీసైనా, గుంటూరు పట్నం బజారులో దొరికిన పాత సరుకైనా ఇంటికి తెచ్చాక చేయాల్సిన పని ఒకటే. గోరువెచ్చని నీళ్ళలో కొద్దిగా సబ్బు వేసి గంటసేపు నానబెట్టండి. పిండకుండా జాడించి, నీడలో ఆరేసి, కొంచెం చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేయండి. ఏళ్ళ తరబడి మడతలో ఉన్న తానుకు మడత గీత దగ్గర నూలు బలహీనపడుతుంది. ఆ గీతకు అటూ ఇటూ అర అంగుళం వదిలి కోయండి. గీతను ఇస్త్రీతో అణచాలని చూస్తే అక్కడే పిగులుతుంది.

అపోహ: ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు దిగదు.

అద్దకంలో ఉప్పుకు పని ఉంది, రంగును నీళ్ళలోంచి నూలులోకి నెడుతుంది. అద్దకం అయిపోయాక వదులుగా మిగిలిన రంగును ఉప్పు పట్టి ఆపలేదు. వెనిగర్ ఆమ్లపు రంగులు వేసిన ఉన్నికి, పట్టుకు ఉపయోగపడొచ్చు గానీ నూలు చొక్కాకు దానితో ఒరిగేదేమీ లేదు. చేయగలిగింది వదులు రంగును కడిగేయడమే. గ్లాసుడు వేడినీళ్ళలో అనుమానమున్న ముక్కనూ, ఒక తెల్ల గుడ్డ పీలికనూ కలిపి అరగంట ఉంచండి. పీలికకు రంగు అంటితే ఆ గుడ్డను విడిగా మూడు నాలుగు సార్లు ఉతికి మళ్ళీ చూడండి. అప్పటికీ అంటుతుంటే తెల్ల చారల గుడ్డ పక్కన అస్సలు వేయొద్దు. మెరూన్, ఎరుపు, ముదురు నీలం రంగులతోనే ఈ బాధ ఎక్కువ.

ఇంకో సంగతి. మరకలు ఎక్కువగా పడేది తడి బొంతను కుప్పగా వదిలేసినప్పుడు. కుట్టాక మొదటిసారి ఉతికేటప్పుడు నీళ్ళు ధారాళంగా వాడి, వెంటనే విప్పి పరవండి.

అపోహ: చొక్కా గుడ్డలు వెలవెలబోతాయి, చీర ముక్కలుంటేనే బొంతకు కళ.

ఇది ఒప్పుకోలేం. లేత గుడ్డ పక్కన ఉంటేనే ముదురు ముక్క ఎత్తి కనిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం చివరి అమెరికా క్విల్టుల్లో తెల్లటి నేల మీద సన్న చుక్కలు, గీతలున్న చొక్కా గుడ్డ వేసి, దాని పక్కన నీలిమందు నీలం, ఎరుపు ముక్కలు అతికేవారు. మన లుంగీ గళ్ళు, పాత నూలు చీరల అంచులు ఆ ముదురు ముక్కల పని చక్కగా చేస్తాయి. పరిచిన ముక్కలను ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసి చూడండి. లేత, ముదురు కలిసిపోయిన చోట్లు వెంటనే దొరుకుతాయి.

లెక్క ఇలా ఉంటుంది. నాలుగు వైపులా అర అంగుళం అతుకు వదలడానికి ముక్కను 5.5 అంగుళాల చదరంగా కోస్తే కుట్టాక 4.5 అంగుళాలు మిగులుతుంది. 13 వరసల వెడల్పు, 20 వరసల పొడవు, మొత్తం 260 ముక్కలకు దాదాపు 58 అంగుళాలు, 90 అంగుళాల బొంత వస్తుంది. పెద్దవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా ఒక్కదానికి పాతిక నుంచి ముప్పై ముక్కలు వస్తాయి. సగం లేత, సగం ముదురు అనుకుంటే లేత సగానికి అయిదు చొక్కాలు సరిపోతాయి. జేబు విప్పితే కింద వెలవని చదరం కనిపిస్తుంది. అది తప్పేం కాదు, నడుమ వరసలో వేస్తే అందంగా ఉంటుంది.

చార నేతలో వచ్చిందా, అచ్చు వేసిందా అన్నది కోసే ముందే చూడాలి. నేత చార రెండు వైపులా ఒకే ముదురులో ఉంటుంది, దాని వెంబడే కోయొచ్చు. అచ్చు చార చాలాసార్లు పోగుకు వంకరగా పడుతుంది. అప్పుడు పోగునే నమ్మాలి. చారను నమ్మి కోస్తే ముక్క ఐమూలగా సాగి, వరస మొత్తం వంకర తిరుగుతుంది.

అపోహ: దబ్బనం, పాలిస్టర్ దారం ఉంటేనే బొంత గట్టి.

దబ్బనం గోనెసంచికి. పాప్లిన్ లాంటి చిక్కటి నేతలో అది దిగితే పోగులు తెగుతాయి, ఉతికిన కొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. కన్ను పెద్దదైన పొడుగాటి సన్న సూది తీసుకోండి. దారం నూలుదే కావాలి, 40 నంబరు దారాన్ని రెండు పేటలుగా మైనం రాసి వాడొచ్చు. దారం తెగితే మళ్ళీ కుట్టుకోవచ్చు. గుడ్డ కంటే దారం బలంగా ఉంటే గుడ్డే కోసుకుపోతుంది.

లోపల మూడు పాత పంచెల పొరలు, అడుగున ఒక నూలు చీర చాలు. చీరను పొడవులో సగానికి కోసి పక్కపక్కన అతకండి. పొరల అతుకులన్నీ ఒకదానిమీద ఒకటి పడితే సూది దిగదు, అందుకని జానెడు ఎడం చూసుకోండి. ముందు నాలుగు వేళ్ళ ఎడంలో కచ్చా కుట్టు వేసుకోవాలి. అసలు కుట్టు నడిమధ్య మొదలుపెట్టి అంచులకు వెళ్ళాలి. అంచు నుంచి మొదలుపెడితే మిగిలిన గుడ్డంతా మధ్యలోకి చేరి బొద్దు కడుతుంది, అప్పుడు విప్పడం తప్ప దారి లేదు. వరసకూ వరసకూ అంగుళంన్నర ఎడం, టాకా పావు అంగుళం.

అపోహ: బొంతను రోజంతా ఎండలో వేస్తే మంచిది.

ఉదయం ఎండ గంట చాలు, అదీ తిరగేసి వేయండి. రోజంతా ఉంచితే రంగు పోతుంది, నూలు పెళుసవుతుంది. వానాకాలంలో పాలిథిన్ సంచిలో కాకుండా ఉతికిన పంచెలో చుట్టి పెట్టండి. నెలకోసారి మడత మార్చండి.