రక్తదానానికి 65 ఏళ్ల గీత ఎలా పడింది

సిరను గుచ్చి రక్తం తీసే చికిత్సను ఆయుర్వేదంలో సిరావ్యధ అంటారు. అది ఎవరికి చేయకూడదో సుశ్రుత సంహిత శారీరస్థానంలో ఒక జాబితా ఉంది. అందులో మొదటివాడు బాలుడు, రెండోవాడు స్థవిరుడు, అంటే వృద్ధుడు. ఆ తరువాత గాయపడి క్షీణించినవాడు, భీరువు అంటే భయస్తుడు, అలసిపోయినవాడు... అలా సాగుతుంది. అది రోగికి చేసే చికిత్స గురించిన మాటే తప్ప దానం గురించి కాదు. అయినా వయసు మళ్లినవారి ఒంట్లోంచి రక్తం తీయడానికి వైద్యులు జంకడం ఎంత పాతదో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ జాబితాలోని భీరువును కాస్త గుర్తుపెట్టుకోండి, అతనితో మళ్లీ పని పడుతుంది.

రక్తదానం ఒక పద్ధతిగా నిలబడి ఇంకా నూరేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో రక్తపు గ్రూపులను వివరించాడు. సిట్రేటు అనే లవణం కలిపి గడ్డకట్టకుండా చేసిన రక్తాన్ని రోగికి ఎక్కించవచ్చని 1914లో తేలింది. అంతకుముందు దాత రోగి పక్కనే పడుకోవాలి, చాలాసార్లు కత్తితో రక్తనాళాన్ని తెరిపించుకోవాలి. ఆ కోతకు బలమైన కుర్రవాణ్ణి పిలిచారే గాని తాతను పిలవలేదంటే ఆశ్చర్యమేముంది! లండన్‌లో 1921లో పెర్సీ ఆలివర్ స్వచ్ఛంద దాతల పట్టిక మొదలుపెట్టాడు. చికాగోలో 1937లో బెర్నార్డ్ ఫాంటస్ ఆసుపత్రి రక్తనిధికి ‘బ్లడ్ బ్యాంకు’ అనే పేరు పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం రక్తసేకరణను పెద్ద యంత్రాంగంగా మార్చింది. యంత్రాంగం వచ్చాక దరఖాస్తు వస్తుంది, దరఖాస్తులో వయసు గడి వస్తుంది.

ఆ గడిలో 60 లేదా 65 అనే అంకె ఎందుకు స్థిరపడింది? నా అనుమానం పింఛను మీద. జర్మనీ 1889లో 70 ఏళ్లకు పెట్టిన వృద్ధాప్య పింఛను వయసును 1916లో 65కి తగ్గించింది. ఆ తరువాత చాలా దేశాల్లో ‘ముసలితనం’ అధికారికంగా అక్కడే మొదలైంది. సిరలకు ఉద్యోగ విరమణ సంగతి తెలియదు గాని, ఆఫీసు అంకెలకు మాత్రం ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు పాకే గుణం ఉంది.

పెద్దవారి ఒంట్లో నిజంగా జరిగేది చూద్దాం. ఒకసారి ఇచ్చే రక్తం సుమారు 350 నుంచి 500 మిల్లీలీటర్లు. పోయిన ద్రవాన్ని శరీరం ఒకటి రెండు రోజుల్లో పూడ్చుకుంటుంది. ఎర్ర రక్తకణాలకు కొన్ని వారాలు, ఇనుము నిల్వలకు అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. దాతలను ఎక్కువగా ఇబ్బందిపెట్టేది సొమ్మసిల్లడం. గుండె వేగం ఒక్కసారిగా తగ్గి, రక్తనాళాలు సడలి, మెదడుకు అందే రక్తం తగ్గుతుంది. దీనికి ముసలివారే ముందుగా లొంగుతారని అందరూ అనుకుంటారు. లెక్కలు తిరగబడ్డాయి. అమెరికా రెడ్‌క్రాస్ దాతల మీద 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో సొమ్మసిల్లడంతో సహా అన్ని ఇబ్బందులూ కలిపి 16, 17 ఏళ్లవారిలో 10.7 శాతం, 18, 19 ఏళ్లవారిలో 8.3 శాతం, 20 దాటినవారిలో 2.8 శాతం. ఐదు సంపన్న దేశాల్లో 70 దాటిన దాతలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం కూడా వారికి రక్తదానం సురక్షితమేనని చెప్పింది. రక్తపోటు మార్పులకు శరీరం ఇచ్చే ఈ ప్రతిచర్య వయసుతో మొద్దుబారడం ఇందుకు ఒక కారణమని వైద్యుల వివరణ. పైగా సొమ్మసిల్లడానికి భయం, మొదటిసారి కావడం బాగా దోహదం చేస్తాయి. అంటే సుశ్రుతుడి జాబితాలో బాలుడు, భీరువు నిలిచారు, స్థవిరుడి పేరు మాత్రమే అనుమానంలో పడింది. ఇనుము విషయంలోనూ అంతే. నెలసరి ఆగిపోయిన స్త్రీకి ఆ నష్టం ఉండదు కాబట్టి, ఇనుము కొరత ముప్పు ఆమెకన్నా యువతి అయిన దాతకే ఎక్కువ.

ఇక్కడ తొందరపడకూడదు. డెబ్బై ఏళ్ల వయసులో రక్తం ఇస్తున్నవారు ఎవరు? ముప్ఫై, నలభై ఏళ్లుగా ఇస్తూ, ప్రతిసారీ పరీక్షలో నెగ్గుతూ వచ్చినవారు. గుండెజబ్బు వచ్చినవారు, హిమోగ్లోబిన్ పడిపోయినవారు మధ్యలోనే తప్పుకున్నారు. కాబట్టి ఆ లెక్కలు చెప్పేది గట్టిపడిన దాతల సంగతి, వీధిలో కనిపించే ప్రతి పెద్దాయన సంగతి కాదు. పెద్దవారు సొమ్మసిల్లడం అరుదే అయినా, పడితే ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ.

చాలా నిబంధనలు చివరికి పట్టుకున్నది ఈ తేడానే. ఐరోపా సమాఖ్య 2004 ఆదేశం 60 దాటి మొదటిసారి వచ్చేవారి విషయాన్ని వైద్యుడి విచక్షణకు వదిలింది. 65 దాటినవారు ఏటా వైద్యుడి అనుమతి తీసుకోవాలంది. ఇంగ్లండులో కొత్త దాతకు 66వ పుట్టినరోజు హద్దు. 70 దాటిన పాత దాత గత రెండేళ్లలో ఇచ్చి ఉంటే చాలు. జపానులో 65 నుంచి 69 వరకు ఇవ్వాలంటే 60, 64 మధ్య ఒకసారైనా ఇచ్చి ఉండాలి. భారతదేశంలో పరిమితి 65 అయినా మొదటిసారి ఇచ్చేవారు 60 దాటకూడదు. అమెరికా రెడ్‌క్రాస్ పై హద్దే పెట్టలేదు. వయసు ఎంత అనే ప్రశ్న పక్కన ఇంతకుముందు ఇచ్చావా అనే ప్రశ్న వచ్చి కూర్చుంది.

అయితే ముసలి రక్తం ఎక్కించుకున్నవారి మాటేమిటి? లేత రక్తం మీద మోజు వింత పనులు చేయించింది. రష్యా వైద్యుడు అలెగ్జాండర్ బోగ్దానోవ్ 1926లో మాస్కోలో రక్తమార్పిడి సంస్థ స్థాపించి, యవ్వనం తిరిగి వస్తుందన్న ఆశతో యువకులతో రక్తం మార్చుకున్నాడు. 1928లో ఒక విద్యార్థితో మార్చుకున్నాక చనిపోయాడు, విద్యార్థి బతికాడు. స్వీడన్, డెన్మార్క్‌లలో రక్తం ఎక్కించుకున్న దాదాపు 9.7 లక్షల మంది రికార్డులను పరిశీలించిన 2017 నాటి అధ్యయనంలో దాత వయసుకూ రోగి ఆయుష్షుకూ సంబంధం కనిపించలేదు.

ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ హారిసన్‌కు 14వ ఏట పెద్ద శస్త్రచికిత్స జరిగింది, ఎవరెవరిదో రక్తం ఎక్కించారు. 18 ఏళ్లు నిండగానే 1954లో తానూ ఇవ్వడం మొదలుపెట్టాడు. ఎక్కువగా ఇచ్చింది ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం. అందులో ఎర్రకణాలు తిరిగి దాతకే చేరతాయి గనుక భారం తక్కువ. ఆయన ప్లాస్మాలోని అరుదైన యాంటీబాడీతో, తల్లీబిడ్డల ఆర్‌హెచ్ గ్రూపులు పొసగనప్పుడు బిడ్డను కాపాడే మందు తయారైంది. 2018 మేలో 1,173వ సారి ఇచ్చేనాటికి ఆయనకు 81 ఏళ్లు. వయోపరిమితి దాటిందని, ఆరోగ్యం దృష్ట్యా ఇక చాలని రక్తసేకరణ సంస్థ చెప్పింది. వద్దనకపోతే ఇంకా ఇచ్చేవాణ్ణన్నాడు. సూదంటే ఆయనకు భయం. గుచ్చేటప్పుడు ఒక్కసారి కూడా అటు చూడలేదట.