దోసె పెనం, వెల్డింగ్ మిషను

ఇందుకూరుపేట, కార్తీక ముసురు

అబ్బయ్యకీ, అమ్మలుకీ తాతయ్య ఆశీస్సులు.

వెనక రేకుల షెడ్డులోకి నాన్న వెల్డింగ్ మిషను కొంటున్నాడనీ, అంగట్లో మిషన్ల మీద 200, 250, 400 ఆంపులని రాసుండాయనీ, పెద్ద అంకె మంచిదేనా అనీ అడిగారు గదా. ఆ అంకెల్ని చూసి మోసపోమాకండి.

అమ్మ దోసె పోసేటప్పుడు చూడండి. పెనం కాలకపోతే పిండి అంటుకోని లేవదు. ఆంపులు, అంటే కరెంటు జోరు, చాలకపోతే కరిగి అతుకేసే రాడ్డు కూడా ఇనుముకి అట్టాగే కరుచుకుంటుంది. పెనం మరీ కాలితే దోసె మాడుద్ది, ఆంపులు ఎక్కువైతే పల్చటి పైపుకి బొక్క పడుద్ది. దిబ్బరొట్టె దగ్గర మాత్రం నా పోలిక తిరగబడుద్ది. మందం రొట్టెకి సన్న సెగ కావాల, మందం ఇనుముకి ఎక్కువ ఆంపులు కావాల.

రెండున్నర మిల్లీమీటర్ల రాడ్డుకి 60 నుంచి 90 ఆంపులు, 3.15 రాడ్డుకి 90 నుంచి 130 సరిపోతాయి. గేట్లకీ, కిటికీ ఊచలకీ, కోళ్లగూటికీ ఇంతే. నిజంగా 200 ఆంపులు ఇచ్చే ఇన్వర్టర్ మిషను, అంటే తేలికపాటి ఎలక్ట్రానిక్ మిషను, ఇంటికి ఎక్కువే. నిజమో కాదో దాని వెనక రేకు మీద డ్యూటీ సైకిల్ చూస్తే తెలుసుద్ది. 200 దగ్గర 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చి, నాలుగు నిమిషాలు చల్లారనియ్యాల. అది రాయని మిషను ఊరికే ఇచ్చినా వద్దు.

తర్వాత గోడ ప్లగ్గు సంగతి. 80 ఆంపులతో కాలిస్తే గోడలోంచి 13, 14 ఆంపులు లాగుద్ది, 16 ఆంపుల ప్లగ్గు ఓర్చుకుంటుంది. 110కి పెడితే 20 దాకా పోతుంది, ప్లగ్గు కాలుద్ది. దానికి విడిగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగే 32 ఆంపుల స్విచ్చి (ఎంసీబీ) వేయించమనండి. రొయ్యల గుంటల మోటర్లు తిరిగే వేళ ఓల్టేజి పడిపోద్ది, అప్పుడు రాడ్డు అంటుకుంటే మిషన్ని తిట్టమాకండి. ఎక్స్‌టెన్షన్ తీగని చుట్టగా ఉంచి వాడితే లోపలే వేడెక్కి కరుగుద్ది, మొత్తం విప్పాల.

మా చిన్నతనంలో మిషనంటే ఆయిలు పోసిన ఇనప పెట్టె, ఇద్దరు తోస్తేగాని కదిలేది కాదు. దుమ్ముకీ, ఉప్పుగాలికీ చలించేదీ కాదు. ఇప్పటి ఇన్వర్టర్ని భుజానేసుకోని పోవచ్చుగానీ, దాని ఫ్యాను సముద్రపు గాలినీ గ్రైండర్ పొడినీ లోపలికి పీల్చుద్ది, లోపలి సర్క్యూట్ కార్డు పోతుంది. గ్రైండర్ని దూరంగా పెట్టండి. నెలకోసారి ప్లగ్గు తీసి బ్లోయర్‌తో ఊదించండి. రాడ్డు బదులు తీగతో, గ్యాసు వదులుతా అతికే మిగ్ మిషను మాత్రం ఇప్పుడొద్దు, మన గాలికి దాని గ్యాసు నిలవదు.

ఈ ముసురులో రాడ్డు మీది పూత అప్పడంలా మెత్తబడుద్ది. చెమ్మ రాడ్డుతో కాలిస్తే అతుకులో బుడగలు మిగులుతాయి. మూత గట్టి డబ్బాలో దాచండి, చెమ్మపడితే 6013 అని రాసుండే మామూలు రాడ్డుని 100 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టండి. జింకు పూసిన జీఐ పైపు అయితే అతుకు పడేచోట తెల్లపూత గీకేయాల. ఆ పూత కాలి లేచే తెల్లపొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం ఖాయం.

ఆదివారం బజార్లో గేట్లు చేసే షెడ్డు కాడికి పోండి. వెలుగుని ఉత్త కంటితో చూడమాకండి, రాత్రంతా కంట్లో ఇసక పోసినట్టుంటుంది. నల్లద్దం దించుకోని చూడండి, లేదంటే మొహం తిప్పుకోండి. వెల్డర్ రాడ్డు ఎత్తాక వంగి అతుకు చూడండి. ఆంపులు కుదిరుంటే అతుకు మీది నల్లపెచ్చు చల్లారతా టిక్కు టిక్కుమని దానంతటదే లేస్తుంది. కింద చేప పొలుసుల్లాగా వరసలుంటాయి, లెక్కబెట్టి రాయండి.

తాతయ్య