గుర్తించేది గుమ్మంలో, థెరపీ జిల్లా ఆసుపత్రిలో

గోదావరి డెల్టాలో ఆటిజం ఉన్న చిన్నపిల్లల తల్లిదండ్రులు కొత్త పథకం అడగడం లేదు. పిల్లల ఎదుగుదల సమస్యలను ముందే గుర్తించి థెరపీ ఇప్పించడానికి ఉన్న పథకాన్నే తమకు అందేంత దూరంలో పెట్టమంటున్నారు. పాలకొల్లు, అమలాపురం సహా పది ప్రభుత్వ వైద్య కళాశాలలను ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించాక ఈ ప్రశ్న మళ్ళీ ముందుకొచ్చింది. బోధనాసుపత్రి వస్తే పిల్లల విభాగం వస్తుంది, దాని పక్కన స్పీచ్ థెరపిస్టుకూ సైకాలజిస్టుకూ రెండు గదులైనా దొరుకుతాయి. మరి ఆ గదులు ఎవరి అజమాయిషీలో ఉంటాయి? సెషన్‌కి డబ్బు కట్టాలా, అక్కర్లేదా?

ఆటిజం అంటే మాటలో, నలుగురితో కలవడంలో, ప్రవర్తనలో తేడా కనిపించే ఎదుగుదల స్థితి. అది తల్లి పెంపకం వల్ల రాదన్నది చాలాసార్లు చెప్పుకున్నదే. ఇప్పటి పేచీ ఎక్కడ మొదలైందో తెలియాలంటే 2013 ఫిబ్రవరి నుంచి చూస్తే చాలు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఆ నెలలో మొదలైంది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్లో 30 రకాల సమస్యలను వెతికి పట్టుకోవాలన్నది దాని లక్ష్యం. పుట్టుకతో వచ్చే గుండె జబ్బు, గ్రహణం మొర్రి, వంకర పాదాలు, చెవుడు ఉన్న ఆ జాబితాలోనే ఆటిజం కూడా ఉంది. సంచార వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వెళ్ళాలి. అనుమానం ఉన్న బిడ్డకు చీటీ రాసి జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు, ప్రత్యేక విద్య టీచరు ఒకే కప్పు కింద ఉండాలని, ఆరేళ్ళలోపు పిల్లలను అక్కడే చూడాలని కేంద్ర మార్గదర్శకాల్లో రాశారు. దేశంలో పసిపిల్లల ఎదుగుదల గురించి అంతకుముందు ఇంత వివరంగా రాసిన సర్కారీ కాగితం లేదనే చెప్పాలి.

అసలు మలుపూ అందులోనే ఉంది. గుర్తించే పని పల్లెకు వచ్చింది. థెరపీ మాత్రం జిల్లా ఆసుపత్రిలో ఉండిపోయింది. గ్రహణం మొర్రికి ఈ పద్ధతి సరిపోతుంది. బిడ్డను కనిపెడతారు, పెద్దాసుపత్రికి పంపుతారు, ఆపరేషన్ చేస్తారు, తర్వాత ఒకటి రెండుసార్లు చూపించుకుంటే సరి. స్పీచ్ థెరపీ అలా కుదరదు. వారానికి కొన్ని గంటల చొప్పున నెలలు, ఏళ్ళు సాగాలి. మధ్యలో మానేస్తే నేర్చిన నాలుగు మాటలు కూడా వెనక్కి పోవచ్చు. ఒకసారి వెళ్ళి చేయించుకొచ్చే వైద్యానికి వేసిన దారిలోనే వారం వారం నడవాల్సిన పిల్లలను కూడా పంపారు. తర్వాత పదేళ్ళలో ఎన్నో మారినా ఈ ఒక్కటి మారలేదు.

2022 దాకా ఉమ్మడి తూర్పు గోదావరికి కాకినాడ, పశ్చిమానికి ఏలూరు జిల్లా కేంద్రాలు. సఖినేటిపల్లి లంకల్లో రెండున్నరేళ్ళ పిల్లాడున్న ఇంటి నుంచి చూద్దాం. నరసాపురం కనపడుతూనే ఉంటుంది, పంటు ఎక్కితే వశిష్ఠ అవతలి ఒడ్డు. కానీ అది వేరే జిల్లా, ఆ ఊరి చీటీ కాకినాడకు. ఆటోలో రాజోలు, అక్కడి నుంచి అమలాపురం, అక్కడ బస్సు మారితే ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా కాకినాడ. హారన్ మోగితే చెవులు మూసుకుని కింద పడి దొర్లే పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆ తల్లి ఇంతదూరం కూర్చోవాలి. పక్కసీటువాళ్ళు పెంపకం గురించి చెప్పే మాటలు వినాలి. ముప్పావు గంట సెషన్ కోసం రోజంతా పోతుంది, కూలికి వెళ్ళే ఇంట్లో ఆ రోజు కూలీ పోతుంది. చేరేసరికి పిల్లాడు అలిసి ఏడుస్తుంటాడు, ఆ పూట థెరపిస్టు అతనితో చేయగలిగింది ఎంతని?

అధికారుల వైపు నుంచి వినిపించే మాట ఒకటుంది: కేంద్రాలు పెట్టాం, తల్లిదండ్రులు రెండుసార్లు తీసుకొచ్చి మానేస్తున్నారు. రిజిస్టరు చూస్తే నిజమే కావచ్చు. ఎందుకు మానేశారన్నది మాత్రం రిజిస్టరులో ఉండదు, బస్సు టికెట్టులో ఉంటుంది.

చీటీ చేతికొచ్చే ముందే పోయే కాలం ఇంకోటి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కావాల్సింది వేలితో చూపించకుండా అమ్మ మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్ళడం, బొమ్మ కారు తిరగేసి చక్రం ఒక్కటే తిప్పుతూ గంటలు కూర్చోవడం. ఏడాదిన్నర, రెండేళ్ళకే తల్లి కంట పడే సంగతులివి. చెబితే ఇంట్లో పెద్దవాళ్ళు మగపిల్లలకు మాటలు ఆలస్యమంటారు, వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకే వచ్చాయంటారు. వస పోస్తారు. నాలుక కింద పొర కోయించమంటారు. కోనసీమలో, నరసాపురం వైపు అమ్మో నాన్నో కువైట్‌లో ఉండి, బిడ్డ మామ్మ దగ్గర పెరిగే ఇళ్ళు ఎన్నో. అక్కడ తప్పంతా ఫోన్ మీదికి, లేదంటే వదిలి వెళ్ళిన తల్లి మీదికి పోతుంది. పిల్లలు ఫోన్ తగ్గించి మనుషులతో ఎక్కువ గడపడం మంచిదే. కానీ ఫోన్ మానిపిస్తే అన్నీ సర్దుకుంటాయని ఆర్నెల్లు ఆగితే, పోయేది మెదడు వేగంగా ఎదిగే ఆర్నెల్లు.

2013కు ముందు సంగతి రెండు మాటల్లో. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన మానసిక వికలాంగుల జాతీయ సంస్థే తెలుగువాళ్ళకు పెద్ద దిక్కు. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి అక్కడికి వెళ్ళి పరీక్ష చేయించుకుని, ఇంట్లో చేయించాల్సినవి రాయించుకుని వచ్చేవాళ్ళు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ సంస్థ తెలంగాణలో ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్‌కు నెల్లూరులో దాని కింద ప్రాంతీయ కేంద్రం వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2021 జూన్‌లో దేశంలో 14 చోట్ల సత్వర చికిత్సా కేంద్రాలు ప్రారంభించినప్పుడు అందులో సికింద్రాబాద్ ఉంది, నెల్లూరు ఉంది. డెల్టా నుంచి రెండూ దూరమే.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. అమలాపురం, భీమవరం జిల్లా కేంద్రాలయ్యాయి. జిల్లాకొక సత్వర చికిత్సా కేంద్రం అన్నదే పథకంలోని మాట కాబట్టి, అది పూర్తి సిబ్బందితో తమ దగ్గరికీ రావాలని తల్లిదండ్రులు అనుకోవడం అత్యాశేమీ కాదు. కలెక్టరేట్ బోర్డులు ఒక్కరోజులో మారాయి. స్పీచ్ థెరపిస్టు పోస్టు మంజూరై, మనిషి దొరికి, ఆ మనిషి ఆ ఊళ్ళో నిలవడం అంత తొందరగా జరిగే పని కాదు.

ఈలోగా ప్రభుత్వం నుంచి డెల్టాలోని ఇళ్ళకు నికరంగా చేరింది వైకల్య శాతం రాసిన కాగితం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం దాన్ని పేర్కొంది. 2016 చట్టం 21 రకాల వైకల్యాల్లో చేర్చింది, అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. 40 అంశాల కొలమానంతో పరీక్షించి, వచ్చిన మార్కులను బట్టి శాతం వేస్తారు. ఆ శాతం రాయించుకోవడానికి వైకల్య పరీక్ష జరిగే సదరం శిబిరంలో స్లాటు కోసం సచివాలయం చుట్టూ తిరగాలి. 40 శాతం గానీ ఆపైన గానీ ఉంటే, 2024 జులై నుంచి పింఛను నెలకు 6,000 రూపాయలు. పేద ఇంటికి అది పెద్ద ఆసరా. 2025లో సదరం సర్టిఫికెట్ల మళ్ళీ తనిఖీ అన్నప్పుడు రాష్ట్రమంతటా రేగిన ఆందోళన చూస్తే ఆ కాగితం మీద ఎన్ని ఇళ్ళు నడుస్తున్నాయో తెలుస్తుంది. అయితే పింఛను థెరపీ కాదు. చాలా ఇళ్ళలో ఆ డబ్బు నేరుగా ప్రైవేటు థెరపీ సెంటరుకే పోతోంది.

ఆ సెంటర్లను తిట్టడం తేలిక. అవి లేకపోతే భీమవరంలో, రాజమహేంద్రవరంలో ఎందరో పిల్లలకు ఆ కాస్త థెరపీ కూడా ఉండేది కాదు. వాటిలో చేసేదెవరన్నదే చూసుకోవాలి. స్పీచ్ థెరపిస్టులు, ప్రత్యేక విద్య టీచర్లు భారత పునరావాస మండలి దగ్గర నమోదై ఉండాలి. ఆ నంబరు చూపించమని అడిగే హక్కు తల్లిదండ్రులకుంది, అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. నయం చేస్తామని లక్షలు చెప్పేవాళ్ళను మాత్రం గుమ్మం తొక్కనివ్వకూడదు. ఆటిజానికి మూలకణ చికిత్సను సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. థెరపీతో ఆటిజం పోదు. పిల్లాడు తన అవసరం చెప్పుకోగలగడానికి, నలుగురిలో మెలగడానికి అది దారి చూపిస్తుంది.

నిపుణులు ఊరూరా దొరకరన్నది ప్రభుత్వం చెప్పే బలమైన కారణం. దానికి జవాబు దగ్గర్లోనే ఉంది. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో ఒక అధ్యయనం జరిగింది, 2016లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చింది. స్పెషలిస్టులు కాని కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి తల్లిదండ్రులకు నేర్పించారు. ఆర్నెల్లలో 12 సెషన్లు. తల్లి సబ్బు బుడగ ఊది ఆపుతుంది. రెండోది ఊదదు, ఆగుతుంది. పిల్లాడు సీసా వైపు, తర్వాత తన వైపు చూసేదాకా ఆగుతుంది. చూసిన ఆ క్షణంలో ఊదుతుంది. ఇలాంటి పనులే. తల్లిదండ్రులు స్పందించే తీరు మెరుగైంది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. కొలిచిన ప్రతిదీ పెరగలేదు, అదీ చెప్పాలి. అయినా అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త లేని ఊరు లేని చోట ఈ ఫలితానికి ఎంతో విలువుంది. దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీలు ఏం చేయాలో కేంద్రం 2023 నవంబరులో విధివిధానాలు కూడా ఇచ్చింది.

కాబట్టి పాలకొల్లు, అమలాపురం కళాశాలల సంగతి తేలేదాకా ఆగాల్సిన పని లేదు. అమలాపురం, నరసాపురం ఏరియా ఆసుపత్రుల్లో వారానికి రెండు రోజులు స్పీచ్ థెరపిస్టు కూర్చోవచ్చు. లంకల పిల్లలు జిల్లా గీత చూడకుండా దగ్గరున్న ఒడ్డుకు వెళ్ళేలా చీటీ రాయవచ్చు. మండల భవిత కేంద్రాల్లో బడి ఈడు ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న గదులూ టీచర్లూ ఆరేళ్ళలోపు వాళ్ళకూ ఉపయోగపడేలా ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. కళాశాలల ఒప్పందం ఎవరితో కుదిరినా, పిల్లల థెరపీకి రుసుము ఉండదన్న మాట అందులో రాతపూర్వకంగా ఉండాలి.