కంఠత వాక్యాలు: సండే స్కూల్లో పాతుకుపోయిన అపోహలు, అసలు వాస్తవాలు

మే నెలలో వి.బి.ఎస్. (వేసవి సెలవుల్లో సంఘం నడిపే బైబిలు బడి) ముగింపు సభ రోజు పిల్లలు వరుసగా నిలబడి, కంఠత పట్టిన ఇరవై బైబిలు వాక్యాలు గడగడా ఒప్పజెబుతారు. తల్లిదండ్రులు మురిసిపోతారు, పాస్టరు గారు ప్రార్థన చేసి బహుమతులు ఇస్తారు. బడులు తెరిచాక జూలైలో అదే పిల్లల్ని పిలిచి అందులో ఒక్క వాక్యం చెప్పమంటే రెండు మాటల దగ్గరే ఆగిపోతారు. రాజాం, చీపురుపల్లి వైపు సంఘాల్లో సండే స్కూల్ చూసుకుంటూ, చుట్టుపక్కల ఊళ్ళ టీచర్లతో కలిసి పనిచేస్తూ ఉంటాను కాబట్టి ఈ బాధ నాకు చాలామంది చెప్పుకుంటారు. ఇంత కష్టపడి నేర్పిస్తే ఎందుకు నిలవడం లేదని అడుగుతారు. లోపం పిల్లల బుర్రలో లేదు. మనం నేర్పే పద్ధతి వెనక ఎవరూ ప్రశ్నించని కొన్ని నమ్మకాలు ఉన్నాయి.

అపోహ: అందరిచేతా పదిసార్లు పలికిస్తే వచ్చేసినట్టే.

వాస్తవం: పలకడం వేరు, గుర్తు తెచ్చుకోవడం వేరు. క్లాసంతా కలిసి వాక్యం చెబుతున్నప్పుడు ఒక్కసారి పిల్లల పెదాలు గమనించండి. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు గట్టిగా చెబుతుంటారు. మిగతావాళ్ళు అర క్షణం వెనకాల ఆ మాటల్ని అందుకుంటుంటారు. మనకు వినిపించేది ఒకే గొంతు కాబట్టి అందరికీ వచ్చిందనుకుంటాం.

హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన జ్ఞాపకశక్తి మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ఫలితాలు ప్రచురించాడు. నేర్చుకున్నది మొదటి గంటల్లో, మొదటి రోజుల్లోనే చాలా వేగంగా జారిపోతుందని, ఆ తరువాత మరపు నెమ్మదిస్తుందని అందులో తేలింది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం మనకు ఇంకా దగ్గరిది. కొందరు పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తరువాత అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే బాగా చెప్పారు. వారం తరువాత అడిగితే ఫలితం తిరగబడింది, చూడకుండా రాసినవాళ్ళే ఎక్కువ గుర్తుంచుకున్నారు. మన ముగింపు సభల్లో జరిగేది ఆ ఐదు నిమిషాల పరీక్షే. అందుకే అక్కడ అంత బాగా కనిపిస్తుంది.

కాబట్టి వల్లె వేయించడం తగ్గించి, చూడకుండా చెప్పించడం పెంచాలి. బోర్డు మీద వాక్యం రాసి, చదివించి, ఒక మాట చెరిపేయండి. మళ్ళీ చెప్పించండి. ఇంకో మాట చెరపండి. చివరికి ఖాళీ బోర్డు చూస్తూ వాక్యమంతా చెబుతారు. తరువాత ఇద్దరిద్దరిని జతలుగా కూర్చోబెడితే ఒకరు ఒప్పజెబుతారు, ఇంకొకరు వింటారు. ముప్ఫై మంది ఉన్న క్లాసులో కూడా ఐదు నిమిషాల్లో ప్రతి బిడ్డా సొంతంగా చెప్పే వీలు ఇలాగే దొరుకుతుంది.

ఇంకొక్క అలవాటు మానుకోవాలి. పిల్లవాడు ఆగగానే మనం తరువాతి మాట అందించేస్తాం. ప్రేమతోనే చేస్తాం. కానీ వాడు లోపల వెతుక్కుంటున్న ఆ కొద్ది క్షణాలే అసలు నేర్చుకునే సమయం. మనసులో ఐదు లెక్కపెట్టి, అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం మాత్రం అందించండి.

పాత వాక్యం అడగకుండా కొత్తది మొదలుపెట్టకండి. ఈ ఆదివారం నేర్పింది అదే రోజు సాయంత్రం ఇంట్లో ఒకసారి, వారం మధ్యలో ఒకసారి, వచ్చే ఆదివారం ఒకసారి, నెల తరువాత ఇంకోసారి చెప్పిస్తే చాలు. ఒకేరోజు ఇరవైసార్లు చెప్పించిన దానికన్నా ఇది గట్టిగా నిలుస్తుంది.

అపోహ: ఎన్ని ఎక్కువ వాక్యాలు వస్తే కార్యక్రమం అంత బాగా జరిగినట్టు.

వాస్తవం: వారానికొకటి చొప్పున సంవత్సరానికి 52 వాక్యాలు పెట్టుకుంటే పాతవి తిరగేసే సమయం మిగలదు. రెండు వారాలకొకటి పెట్టుకోండి, మధ్య వారం పాతవాటికి వదిలేయండి. విడి వాక్యాల కన్నా ఒకే భాగం నేర్పడం ఇంకా మంచిది. 23వ కీర్తనలో ఉన్నవి ఆరు వచనాలే. ఒకదాని వెనక ఒకటి కథలా నడుస్తాయి, ముందుది చెబితే తరువాతది దానంతట అదే వస్తుంది. 117వ కీర్తన రెండే వచనాలు, చిన్న తరగతి పిల్లలకు ఒక కీర్తన మొత్తం వచ్చిందన్న సంతోషం మిగులుతుంది.

ఎంపిక కూడా ముఖ్యమే. పిల్లల రోజుల్లో పనికొచ్చేవి ముందు నేర్పాలి. రాత్రి కరెంటు పోయి భయమేసినప్పుడు "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అన్నది (కీర్తనలు 56:3) చిన్న బిడ్డ నోటికి సులువుగా వస్తుంది. బడిలో గొడవపడి వచ్చినవాడికి "మృదువైన మాట క్రోధమును చల్లార్చును" (సామెతలు 15:1) కావాలి.

అపోహ: ఇప్పుడు నోటికి వస్తే చాలు, అర్థం పెద్దయ్యాక అదే తెలుస్తుంది.

వాస్తవం: అర్థం తెలిసిన వాక్యం త్వరగా వస్తుంది, ఎక్కువ కాలం ఉంటుంది. పెద్దయ్యేదాకా ఆగాల్సిన పని లేదు, ఎందుకంటే మన పిల్లలకు బైబిలు లోకం చాలావరకు తెలిసినదే. పొలం, మంద, వల, విత్తనం, బావి అన్నీ వాళ్ళ ఊళ్ళోనే ఉన్నాయి.

ఒకసారి 23వ కీర్తనలోని "పచ్చికగల చోట్ల ఆయన నన్ను పరుండజేయుచున్నాడు" అన్న వచనం నేర్పుతూ, గొర్రె ఎప్పుడు పడుకుంటుందని క్లాసును అడిగాను. అందరూ రాత్రిపూట అన్నారు. వెనక కూర్చున్న మూడో తరగతి పిల్లవాడు, తండ్రి వెంట మందకు వెళ్ళేవాడు, లేచి "ఆకలేస్తే తొంగోదు టీచరమ్మా. కుక్క తిరుగుతున్నా తొంగోదు. పొట్ట నిండి, నాన్న కర్ర పట్టుకుని దగ్గరుంటేనే తొంగుంటాది" అన్నాడు. ఆ రోజు ఇక నేను వివరించాల్సింది ఏమీ మిగల్లేదు. కాపరి దగ్గరుంటే లేమి ఉండదని దాని ముందు వచనంలో ఉన్న మాట పిల్లలకు అక్కడే అందింది. ఆ వచనం చెప్పడానికి ఆ క్లాసులో తరువాత ఎవరూ తడుముకోలేదు. వాక్యం నేర్పేముందు రెండు నిమిషాలు ఇలాంటి ప్రశ్న ఒకటి వేయండి, సమాధానం పిల్లల్నే చెప్పనివ్వండి.

అపవాది, అంటే సాతాను, యేసును శోధించిన మత్తయి 4వ అధ్యాయాన్ని టీచర్లందరూ ఈ దృష్టితో ఒకసారి చదవాలని నా కోరిక. అపవాది కూడా 91వ కీర్తన నోటికి చెప్పాడు, చెప్పి మధ్యలో "నీ మార్గములన్నిటిలో" అన్న మాట వదిలేశాడు. యేసు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండం నుంచే వచ్చాయి, మూడూ ఆ సందర్భానికి సరిగ్గా సరిపోయాయి. వాక్యం ఇద్దరికీ నోటికి వచ్చు. తేడా ఎక్కడుందో పెద్ద పిల్లల చేతే చెప్పించండి, చాలా మంచి చర్చ జరుగుతుంది.

అపోహ: బహుమతి లేకపోతే ఎవరూ నేర్చుకోరు.

వాస్తవం: 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు వేయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. తరువాత కొన్నాళ్ళకు చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే సుమారు సగం సమయమే బొమ్మలు వేశారు. ఇష్టంగా చేసే పనికి కూలి కట్టినట్టయింది.

బహుమతులు పూర్తిగా మానేయమని అనను. ముందే టిఫిన్ బాక్సు చూపించి పోటీ పెట్టడం మానేద్దాం. ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురే గెలుస్తుంటే మిగతావాళ్ళు ఆగస్టుకల్లా ప్రయత్నం వదిలేస్తారు. క్లాసు మొత్తం 23వ కీర్తన పూర్తిచేసిన రోజు అందరికీ కలిపి పులిహోర పెట్టండి. ఎవరూ ఓడిపోరు.

అపోహ: తల్లిదండ్రులకు చదువు రాకపోతే ఇంట్లో సాయం దొరకదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. మన జిల్లాల్లో ఎన్నో ఇళ్ళల్లో అమ్మానాన్నలు హైదరాబాదులోనో చెన్నైలోనో కట్టడం పనుల్లో ఉంటారు. తీరంలోని మత్స్యకారులు వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళతారు. పిల్లలు మామ్మ దగ్గర పెరుగుతారు. ఆ మామ్మకు అక్షరాలు రాకపోవచ్చు, కానీ చెవులు బాగా పనిచేస్తాయి. ఆదివారం ఆరాధన అయ్యాక రెండు నిమిషాలు ఆమెను కూర్చోబెట్టి, ఈ వారం వాక్యం ఆమె చేత కూడా రెండుసార్లు చెప్పించండి. "రాత్రి బువ్వ తిన్నాక బిడ్డ చేత ఒకసారి చెప్పించుకోండి" అని అడగండి. ద్వితీయోపదేశకాండం 6:7 ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడిచినప్పుడు, పండుకొన్నప్పుడు, లేచినప్పుడు మాటలాడమంటుంది. పుస్తకం పట్టుకోవాలని అందులో లేదు. తన శిష్యుడు తిమోతి విశ్వాసం గురించి రాస్తూ పౌలు మొదట పేరు పెట్టింది వాళ్ళ అవ్వ లోయినే.

సీతంపేట వైపు సవర గిరిజన పిల్లలకు నేర్పే టీచర్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ పిల్లలకు తెలుగు రెండో భాష. ముందు కథ వాళ్ళ భాషలో వినాలి, తెలుగు వాక్యం తరువాత రావాలి. టీచరుకు సవర రాకపోతే సంఘంలో వచ్చినవాళ్ళను పక్కన నిలబెట్టుకోవాలి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలే తయారుచేశారు. మనం కనీసం కథ చెప్పించగలం.

అపోహ: మైకు ముందు నిలబెడితేనే ధైర్యం వస్తుంది, తప్పు చెబితే గుంజీలు తీయిస్తేనే శ్రద్ధ వస్తుంది.

వాస్తవం: కొందరికి వేదిక ఇష్టం, వాళ్ళను పంపండి. నత్తి ఉన్న బిడ్డకు, కొత్తగా వచ్చిన బిడ్డకు అది టెన్షన్ తప్ప ఇంకేమీ కాదు. టెన్షన్‌లో వచ్చిన వాక్యం కూడా మరిచిపోతారు. అలాంటివాళ్ళు టీచరు దగ్గర మెల్లగా చెప్పినా చెప్పినట్టే లెక్క. ఇక శిక్ష మాట. దేవుని వాక్యం తలచుకోగానే చెవి మెలిపెట్టిన చెయ్యి గుర్తొస్తే ఆ బిడ్డకు మనం నేర్పింది ఏమిటి? ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. ఏ సంఘంలోనూ ఇది జరగకూడదు.

అపోహ: రిఫరెన్స్ (వాక్యం ఉన్న పుస్తకం, అధ్యాయం, వచనం సంఖ్య) తప్పితే వాక్యం తప్పినట్టే.

వాస్తవం: అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది. కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ పెట్టాడు. హెబ్రీ పత్రిక రాసినాయన 8వ కీర్తన ఎత్తి చెబుతూ, ఒకచోట ఒకడు సాక్ష్యమిచ్చాడు అని మాత్రమే అన్నాడు (2:6). రిఫరెన్స్ నేర్పండి, బైబిల్లో వెతుక్కోవడానికి అవసరం. మార్కులు మాత్రం వాక్యానికీ రిఫరెన్స్‌కూ విడివిడిగా వేయండి. అన్ని తరగతులకూ ఒకే అనువాదం వాడండి. అన్నకు పాత అనువాదం, చెల్లికి కొత్త అనువాదం నేర్పితే ఇంట్లో ఇద్దరూ కలిసి చెప్పుకోలేరు.

అపోహ: పాట కడితే ఇక మరిచిపోరు.

వాస్తవం: పాట మంచిదే, చిన్నపిల్లలకు చాలా మంచిది. కానీ రాగం లేకుండా చెప్పమంటే చాలామంది ఆగిపోతారు. పాట వచ్చాక మాటగా కూడా చెప్పించండి.

చివరగా, మీ కార్యక్రమం పనిచేస్తోందో లేదో చూసుకునే మార్గం. హాజరు పుస్తకంలో ఎన్ని వాక్యాలు చెప్పారన్న గడి పక్కన ఇంకో గడి గీయండి. నెల క్రితం నేర్పిన వాక్యం, ముందుగా చెప్పకుండా అడిగితే, వచ్చిందా లేదా అన్నది అందులో రాయండి. క్లాసులో సగం మందికి రాకపోతే ఆ నెల కొత్త వాక్యం ఆపేసి పాతవే నడపండి. పాస్టరు గారికీ తల్లిదండ్రులకూ డిసెంబరులో చూపించాల్సింది ఈ రెండో గడి.