ఖాళీ ఎక్కడ వదలాలి? ఐపీ అడ్రసుల ప్లాన్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: సబ్‌నెట్లు (నెట్‌వర్క్‌ని విడగొట్టిన ముక్కలు) వరసగా ఇచ్చుకుంటూ పోతే అదే పద్ధతైన ప్లాన్.

వాస్తవం: నేను చూసిన నెట్‌వర్కుల్లో ఎక్కువ తిప్పలు పెట్టింది ఈ వరసే. ఒక ఆఫీసుకి 10.20.0.0/16 ఉందనుకోండి (అడ్రసులోని 32 బిట్లలో ముందువైపు ఎన్ని నెట్‌వర్క్‌వో స్లాష్ తర్వాతి అంకె చెబుతుంది; అది తగ్గేకొద్దీ లోపల అడ్రసులు పెరుగుతాయి). మొదటి అంతస్తుకి 10.20.0.0/24, రెండో దానికి 10.20.1.0/24, మూడో దానికి 10.20.2.0/24. కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి మొదటి అంతస్తులో మనిషికో ల్యాప్‌టాప్, రెండు ఫోన్లు. 254 అడ్రసులు చాలవు. పెంచుదామంటే పక్కనే రెండో అంతస్తు కూర్చుని ఉంది. ఇక ఎక్కడో దూరంగా ఇంకో సబ్‌నెట్, ఫైర్‌వాల్‌లో ఇంకో రూలు, రూటింగ్‌లో ఇంకో లైను.

అదే 10.20.0.0, 10.20.128.0, 10.20.64.0, 10.20.192.0 అని సగాన్ని సగం చేస్తూ ఇస్తే, ఏ అంతస్తు పెరిగినా దాని /24ని /23 చేస్తాం. కావాలంటే /18 దాకా పోతాం. ఉన్న అడ్రసులు మారవు, మాస్క్ (ఆ స్లాష్ అంకె) ఒక్కటే మారుతుంది. డీహెచ్‌సీపీ (అడ్రసులను కొంత గడువుకి దానంతటదే ఇచ్చే ఏర్పాటు) మీద ఉన్న మెషీన్లు లీజు తిరిగేసరికి కొత్త మాస్క్ తీసేసుకుంటాయి. చేత్తో అడ్రసు పెట్టిన ప్రింటర్లు, కెమెరాల దగ్గరికి మాత్రం ఎవరో ఒకరు వెళ్లాల్సిందే.

ఇదేమీ కొత్త చిట్కా కాదు. సబ్‌నెట్ నంబర్లను ఎడమ నుంచి, హోస్ట్ (మెషీన్) నంబర్లను కుడి నుంచి నింపుకుంటూ రండి, మధ్యలో మిగిలిన బిట్లు ఎటు అవసరమైతే అటు కలుస్తాయని 1991లోనే ఆర్‌ఎఫ్‌సీ 1219 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం చెప్పింది. ఐపీవీ6 (128 బిట్ల కొత్త తరం అడ్రసులు) కోసం ఇదే దారిని 2003లో ఆర్‌ఎఫ్‌సీ 3531 పట్టుకుంది.

అపోహ: 192తో మొదలైతే క్లాస్ సీ, కాబట్టి /24 మాత్రమే.

వాస్తవం: 1993లో సీఐడీఆర్ (ముక్క సైజుని అడ్రసు మొదటి అంకె కాకుండా స్లాష్ అంకె చెప్పే పద్ధతి) వచ్చాక క్లాసులు పోయాయి. ఇంటర్వ్యూల్లో మాత్రం ఇంకా పోలేదు.

అపోహ: ఐపీవీ6లో అడ్రసులకు కొదవ లేదు, ఇక ప్లాన్ ఎందుకు?

వాస్తవం: అడ్రసులకు కొదవ లేదు, పంచుకునే బిట్లకు ఉంది. చేతికి /48 వస్తే, సబ్‌నెట్ మామూలుగా /64 కాబట్టి, మనకు మిగిలేవి 16 బిట్లు. అంటే నాలుగు హెక్స్ అంకెలు (ఒక్కో దానికి 0 నుంచి F దాకా పదహారు విలువలు), 65,536 సబ్‌నెట్లు. ఊరికో అంకె, బిల్డింగ్‌కో అంకె, అంతస్తుకో అంకె, డిపార్ట్‌మెంట్‌కో అంకె అని పంచేస్తే చూడ్డానికి బాగుంటుంది. పదిహేడో ఊళ్లో బ్రాంచి తెరిచిన రోజు ఇవ్వడానికి అంకె ఉండదు. ఉన్న ఊళ్లలో మాత్రం 4,096 చొప్పున సబ్‌నెట్లు ముప్పాతిక వంతు ఊరికే పడుంటాయి. అకౌంట్స్ వాళ్లు మూడో అంతస్తు నుంచి ఐదుకి మారారా, అడ్రసు అబద్ధం చెబుతుంది. నన్నడిగితే అడ్రసులో ఉండాల్సింది చోటు, ఎందుకంటే రూటింగ్‌కి కావాల్సింది అదే. ఫైర్‌వాల్ చూసేవాళ్లు డిపార్ట్‌మెంట్ కూడా కావాలని పట్టుబడతారు. వాళ్లకో అంకె ఇవ్వండి, రెండు వద్దు.

అపోహ: ప్రైవేట్ (సొంత నెట్‌వర్క్ లోపల మాత్రమే పనిచేసే) అడ్రసులే కదా, ఏవి పెట్టుకుంటే ఏం?

వాస్తవం: ఇంట్లో వైఫై రూటర్‌ది 192.168.1.0/24, ఆఫీసు సర్వర్లవీ అవే. వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి దారి) కనెక్ట్ అవుతుంది, సర్వర్ మాత్రం దొరకదు. 192.168.1.10 అనగానే ల్యాప్‌టాప్ దాన్ని ఇంట్లోనే వెతుకుతుంది మరి. రెండు కంపెనీలు కలిసినప్పుడూ ఇదే గొడవ, ఈసారి 10.0.0.0/24తో. రెండువైపులా నాట్ (దారిలో అడ్రసులను మార్చి పంపే ఏర్పాటు) పెట్టి ఏళ్ల తరబడి నెట్టుకొస్తారు. కొత్తగా వేసేటప్పుడు 192.168.0, 192.168.1, 10.0 జోలికి పోకుండా 10.137 లాంటి జనం పెద్దగా తొక్కని మూల చూసుకోండి.